సమాచార సాంకేతికమున స్నాతకోత్తర విద్య

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. ఇట్టి సభలయందు విద్యను గూర్చి మాటలాడువారు అది కామధేనువనియు కల్పవృక్షమనియు పొగడి కూర్చుండుట పరిపాటి. ఆ పొగడ్తను మీరు పలుమార్లు వినియే యున్నారు. నేను చెప్పదలచినది యంతకంటె చిన్నవిషయము, కొంత చేదైనదియును. మన పిల్లలు బి.యస్సీ., బి.సి.ఏ., బి.టెక్. ముగించిన పిమ్మట కంప్యూటరుశాస్త్రమున మఱి రెండేండ్లు చదువవలయునా, చదివినచో నెక్కడ చదువవలయును, దానికై యిల్లు తాకట్టుపెట్టవలయునా అను ప్రశ్నలతో గడచిన యేడాది మన కుటుంబములవారు 18 మంది నా యొద్దకు వచ్చిరి. వారికి విడివిడిగా చెప్పినదానినే నేడందఱియెదుట చెప్పెదను.

ముందు నా కథ చెప్పక తప్పదు. 1998 వ సంవత్సరమున ఐసెట్ పరీక్ష వ్రాసి యం.సి.ఏ. లో చేరితిని. అప్పుడా చదువు మూడేండ్లు. మా యింట రెండు మగ్గము లుండెడివి. నాయన యొకదాని నమ్మెను. అమ్మ మెడలోని గొలుసు పోయెను. నేను చేరిన కళాశాల పేరు చెప్పను. అట్టివి నాడు చాల వెలసినవి. 60 మంది విద్యార్థులకు పనిచేయు కంప్యూటర్లు 14. ప్రయోగశాల తలుపు వారమునకు రెండుమార్లు తెఱచెడివారు. ఒకరి రికార్డు చూచి యొకరము వ్రాసికొంటిమి. కడపటి యేట ప్రాజెక్టు చేయవలసియుండగా నేను చేయలేదు. అమీర్‌పేటలో నొక మిద్దెమీది గదిలో 3,000 రూపాయలకు కొంటిని. నల్లని అట్ట వేసి, బంగారు రంగు అక్షరములతో నా పేరు ముద్రించి యిచ్చిరి. నాయన దానిని చేతులు తుడిచికొని యందుకొనెను. ఆయనకు నేటికిని నేనీ మాట చెప్పలేదు. ఇపుడు ముందు వరుసలోనే కూర్చుండి వినుచున్నారు.

2001 లో నేను బయటికి వచ్చునప్పటికి అమెరికాలో డాట్‌కామ్ వ్యాపారములు కూలినవి. హైదరాబాదున నుద్యోగములు కఱవైనవి. ఎట్టకేల కొక సంస్థవారు పిలిచి నా ప్రాజెక్టు పుస్తకము తిరుగవేసి యొకే ప్రశ్న వేసిరి: దీనిలో పది లక్షల పేర్లున్నచో నొక పేరును యంత్ర మెట్లు వెదకును? నాకు నోట మాట రాలేదు. వారు నన్ను మందలింపలేదు, మంచినీళ్లిచ్చి పంపిరి.

ఆ ప్రశ్నకు సమాధానము మీకును చెప్పెదను. మన నూలుకొట్టున ఖాతాలు వ్రాయు గుమాస్తాకును తెలియదగిన సంగతియే. పేర్లు అకారాదిగా కూర్చబడి యున్నవనుకొనుడు. నడిమి పుట తెఱచి చూడవలయును. మనకు కావలసిన పేరు దానికి ముందు రావలసినదైనచో వెనుక సగమంతయు విడిచిపెట్టవచ్చును. మిగిలిన సగమున మరల నడిమి పుట. ఇట్లు సగము సగముగా తగ్గించుచు పోయినచో పది లక్షల పేర్లలో నేదైనను 20 చూపులకు మించక దొరకును. ఒక్కొక్కటిగా చూచువాడు పది లక్షలును చూడవలసి రావచ్చును. ఇంత వఱకు పదవతరగతి పిల్లవానికిని బోధపడును. కాని నిమిషమునకు వేయి క్రొత్త పేర్లు వచ్చి చేరుచుండగా వరుస చెడకుండ నెట్లు నిలుపుట? రైలులో కడపటి పడకను ఇద్దఱొకే క్షణమున కోరినచో నిద్దఱికి నమ్ముడుపోకుండ నెట్లు కాచుట? సొమ్ము ఒక ఖాతానుండి తీసి మఱియొక ఖాతాలో వేయులోపల విద్యుచ్ఛక్తి పోయినచో ఆ సొమ్మెక్కడ నున్నట్లు? స్నాతకోత్తర విద్య యనగా నిట్టి ప్రశ్నలకు రెండేండ్లు తలయొగ్గి కూర్చుండుట. డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథములు, ఆపరేటింగ్ సిస్టములు, డేటాబేసులు, నెట్‌వర్కులు అను పేర్ల వెనుకనున్నవి యివియే. ప్రోగ్రాము వ్రాయు భాషలు మాఱుచుండును. ఈ ప్రశ్నలు మాఱవు.

ఇచట నొక చిన్న ప్రసంగాంతరము. మన వృత్తికిని ఈ శాస్త్రమునకును చుట్టరికము గలదు. జకార్డు పెట్టె నెఱుగనివా రీ సభలో లేరు. బెజ్జములు పొడిచిన అట్టలను మాలగా కుట్టి దానిపై త్రిప్పుదుము. బెజ్జమున్నచోట సూది దూరి పడుగుపోగు లేచును, లేనిచోట నిలిచిపోవును. ఫ్రాన్సుదేశమున లియాన్ నగరవాసియగు జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతమున దీనిని కుదిర్చెను. 1830 తరువాత ఇంగ్లండున చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకై ఆ అట్టలనే యెన్నుకొనెను. ఆ యంత్రము పూర్తికాలేదు గాని, 24,000 అట్టలతో పట్టున నేసిన జకార్డు చిత్తరువొకటి మాత్రము బాబేజి యింట నుండెడిది. 1890 లో అమెరికా జనాభాలెక్కలను హెర్మన్ హొలెరిత్ యంత్రములు బెజ్జపు అట్టలతోనే లెక్కించినవి.

దీనిని చెప్పి మనము మురిసిపోవుట నా యుద్దేశము కాదు. గళ్లకాగితముపై నమూనా గీయువాడు వేఱు, దానిని చూచి అట్టలు పొడుచువాడు వేఱు, మగ్గమున కూర్చుండి యాడించువాడు వేఱు. ముగ్గురిలో కూలి యెవరి కెక్కువయో, పని తగ్గినప్పు డెవరు ముందు కూలి కోల్పోవుదురో మీకు నేను చెప్పవలెనా? 2022 నవంబరు మొదలు, మాటలతో నడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. అవి అట్టలు పొడుచు పనిని చేయుచున్నవి. అవి వ్రాసినదానిలో తప్పెక్కడనో, భారము పెరిగినప్పు డేది తెగునో చూడగలవాడు నమూనా గీయ నేర్చినవాడు. రెండేండ్ల చదువు ఆ నేర్పు నీయకున్నచో నాకు కలిగిన బంగారు అక్షరములే కలుగును.

ఇక నెక్కడ చదువవలయు ననునది. యం.సి.ఏ. చదువు 2020-21 నుండి రెండేండ్లే యైనది. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఐసెట్ ద్వారా ప్రవేశము. వరంగల్లు మొదలగు జాతీయ సాంకేతిక విద్యాలయములలో యం.సి.ఏ. కు నిమ్‌సెట్ అను వేఱు పరీక్ష గలదు. దానిలో గణితమునకే ప్రాధాన్యము. మన పిల్లలలో నా పేరు వినినవారే తక్కువ. నా యొద్దకు వచ్చిన 18 మందిలో నొకరు.

యం.టెక్. నకు గేట్ పరీక్ష ద్వారము. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. వచ్చిన స్కోరు మూడేండ్లు చెల్లును. బి.టెక్. వారేగాక యం.సి.ఏ. వారును కంప్యూటరుశాస్త్రమున దీనిని వ్రాయవచ్చును; చాల సంస్థలు వారిని చేర్చుకొనును. నేనును 2003 లో నట్లే చేరితిని. ముఖ్యమైన సంగతి యేమనగా, గేట్ ద్వారా చేరిన యం.టెక్. విద్యార్థికి నెలకు 12,400 రూపాయల విద్యార్థివేతనము రెండేండ్లు లభించును. అనగా చదువునకు మన మిచ్చుటకు మాఱుగా చదువే మనకు కొంత యిచ్చును. ఇట్టి సంస్థలు దూరదేశమున లేవు. హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974 నుండియు, వరంగల్లు సంస్థ ప్రాంతీయ యింజనీరింగు కళాశాలగా 1959 నుండియు నున్నవి. హైదరాబాదు ఐ.ఐ.టి. 2008 లోను, తిరుపతి ఐ.ఐ.టి. 2015 లోను వెలసినవి. బస్సు టిక్కెట్టుతో పోదగిన చోట్లివి.

విదేశవిద్యను నేను నిందింపను. చిత్తూరు జిల్లా కాటూరున 1937 లో పుట్టిన రాజ్ రెడ్డిగారు గిండీ కళాశాలలో బి.ఇ. ముగించి, ఆస్ట్రేలియాలో యం.టెక్. చదివి, స్టాన్‌ఫర్డున 1966 లో డాక్టరు పట్టమంది, 1994 లో కంప్యూటరుశాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగు పురస్కారము పొందిరి. దేశము దాటుట వారికి చదువుకొఱకు. మనవారిలో చాలమందికి చదువే దేశము దాటుటకొఱకు. తేడా యచ్చట నున్నది. పెండ్లిచూపులలో యం.యస్. అను రెండక్షరముల వెల యెంతయో తెలిసిన పెద్దలు ఈ మాటకు నవ్వుచున్నారు, నవ్వదగినదే.

లెక్క మాత్రము వినుడు. అమెరికాలో నీ విద్య ముగించినవానికి పనిచేయుటకు తొలుత 12 నెలలు, మఱి 24 నెలలు అనుమతి యుండును. ఆ తరువాత హెచ్-1బి వీసా. ఏటికి 65,000, అచ్చటి స్నాతకోత్తర పట్టభద్రులకు వేఱుగా 20,000. కోరువా రంతకు మిక్కిలి యగుటచే చీట్లు తీసినట్లు తీయుదురు. 2025 సెప్టెంబరున విదేశములనుండి క్రొత్తగా రప్పించు నుద్యోగుల దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. చీటిలో పేరు రాకున్నను అప్పు తీర్పవలసినదే. ఏడున్నర లక్షలకు మించిన విద్యాఋణమునకు బ్యాంకులు సాధారణముగా ఆస్తి తాకట్టు కోరును. చదువుకాలమున వాయిదా లేకున్నను వడ్డి పెరుగుచునే యుండును. నలువది లక్షల ఋణము తెచ్చి, సంతకము చేసిన కాగితము చదువని తండ్రిని నేనెఱుగుదును.

విశ్వవిద్యాలయమును ఎన్నుకొను పనిని కన్సల్టెన్సీవానికి వదలుట మఱియొక తప్పు. అతనికి కమిషను ఏ విశ్వవిద్యాలయ మిచ్చునో అదియే మంచి విశ్వవిద్యాలయము. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మోసము బయటపడినప్పుడు అందు చేరినవారిలో నధికసంఖ్యాకులు తెలుగు పిల్లలు. కొందఱి కాళ్లకు జాడ తెలుపు పట్టీలు తొడిగిరి. ఆ బొమ్మలను మనము పత్రికలలో చూచితిమి. ఎనిమిదేండ్లకు, 2019 లో, ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ యను పేర ఆ ప్రభుత్వమువారే పన్నిన వలలో మరల మన దేశపు పిల్లలు నూఱుమందికి పైగా చిక్కిరి. తరగతులు లేని విశ్వవిద్యాలయమని తెలిసియే చేరినవా రందు లేకపోలేదు. నేను ప్రాజెక్టు కొన్నవాడను గనుక వారిని తూలనాడ నాకు నోరు రాదు.

ఇక సంఘమువారికి నా మనవి. మన విద్యానిధినుండి విదేశమున సీటు వచ్చినవారికి శాలువతోగూడ ఏటేట కొంత ద్రవ్యమిచ్చు వాడుక గలదు. దాతల మనస్సును నొప్పింప నాకిష్టము లేదు. కాని ఆ ద్రవ్యము విమానపు టిక్కెట్టుకును చాలదు. అదే ద్రవ్యముతో పదిమందిని ఒక యేడాది గేట్, నిమ్‌సెట్ పరీక్షలకు చదివింపవచ్చును. వారికి కావలసినది కోచింగు రుసుముకంటె ముందు గది, భోజనము, ఇంటిలో నెవరును పనికి పిలువని పది నెలలు. నగరమునందలి మన విద్యార్థి వసతిగృహమున పై యంతస్తు గదులు నాలుగు పెండ్లివారి షామియానాలతోను వంటపాత్రలతోను నిండియున్నవి. వానిని క్రిందికి దింపుడు. ఆ నాలుగింటిలో నొక గదియైనను ఆడపిల్లలకు ఈయవలెననుట సరిపడదేని, వారికి వేఱొకచోట అద్దె కట్టుడు. నా యొద్దకు వచ్చిన 18 మందిలో లెక్క సరిగా చేసినవారు ముగ్గురు. ఆ ముగ్గురును ఆడపిల్లలే.

ఆదివారములందు ఉదయము మూడు గంటలసేపు నేను వచ్చి పాఠము చెప్పుదును. నావంటి వారిని మఱి యిద్దఱిని తీసికొనివచ్చెదను. గేట్ పరీక్ష ఫిబ్రవరి మాసమున జరుగును గనుక ఈ వేసవిలోనే గదులు ఖాళీ కావలయును. తీర్మానము రేపటి సభలో రావచ్చునని కార్యదర్శిగారు సెలవిచ్చిరి.

భోజనానంతరము నేను పడమటి వసారాలో నుందును. సందేహములున్న పిల్లలును తలిదండ్రులును రావచ్చును. కన్సల్టెన్సీవారిచ్చిన కాగితములున్నచో తీసికొనిరండు. సంతకము చేయనివి మఱింత మేలు.