చెక్కపని నేర్పవలెనన్న చెట్టు నుండి మొదలుపెట్టవలెను

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చేతిపనుల శిక్షణ శిబిరములను గూర్చి మాటాడుమని మమ్ము కోరినారు. అన్ని చేతిపనులను గూర్చి ఒక్క పూటలో చెప్పుట సాధ్యము కాదు. అందుచేత ఒక్క పనినే తీసికొనుచున్నాము. అది పచ్చికర్రను చేతి పనిముట్లతో చీల్చి, చెక్కి, వస్తువుగా చేయు పని. గరిటె, తెడ్డు, కవ్వము, పీట, బొమ్మ మొదలగునవి ఈ విద్యకు సంబంధించినవే.

మన గ్రామములలో ఈ పని నేర్పుటకు వెనుక ప్రత్యేకముగా బడి యనునది లేదు. వడ్రంగి ఆచారిగారి పాకయే బడి. కాడి, మేడి, బండిచక్రము అక్కడ తయారగుచుండగా పిల్లవాడు చూచుచు, పేళ్లు ఏరుచు, ఉలికి సాన పట్టుచు పని నేర్చుకొనెడివాడు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట నాగలి పని తగ్గినది. స్టీలు, ప్లాస్టిక్కు వస్తువులు వచ్చిన పిమ్మట వంటింటి చెక్కవస్తువుల పని తగ్గినది. పాక మూతపడిన చోట బడియు మూతపడినది. ఇప్పుడు ఆ బడి స్థానమున శిక్షణ శిబిరములు వచ్చుచున్నవి.

మేము చెప్పదలచినది ముందే చెప్పెదము. శిబిరము కొన్ని దినములలో ముగియును. మరునాడు ఆ యువకునకు కర్ర ఎక్కడ దొరకునో, ఏ నీడన కూర్చుండి పని చేయవలెనో తెలియనిచో, నేర్చినది నెల తిరుగకముందే మరచిపోవును. పెట్టెలో ధ్రువపత్రము ఉండును. చేయునది మాత్రము కూలిపని. ఈ నష్టము ఎవరి లెక్కలోను వ్రాయబడదు. దీనిని ఆపగల శక్తి జిల్లా కార్యాలయమునకంటె మీ పంచాయతీకే హెచ్చుగా కలదని మా నమ్మకము.

ముందు కర్ర సంగతి చూతము. ఇది తెలియనిదే తక్కిన మాటలకు అర్థము లేదు.

అప్పుడే నరికిన మొద్దులో నీరు విస్తారముగా ఉండును. కొంత నీరు కర్రలోని సన్నని గొట్టములను నింపి యుండును. కొంత ఆ గొట్టముల గోడలలోనే ఇమిడి యుండును. గొట్టములలోని నీరు పోవునపుడు కర్ర బరువు తగ్గునే గాని కొలత మారదు. ఎండుకర్ర బరువుతో పోల్చి చూడగా తేమ సుమారు 30 శాతమునకు దిగిన పిమ్మట గోడలలోని నీరు వదలనారంభించును. కర్ర ముడుచుకొనునది అప్పుడే. ఆ ముడుచుకొనుట అన్ని దిక్కుల ఒక్కరీతిగా ఉండదు. పొడవున దాదాపు ఏమియు ఉండదు. నడిమి గుజ్జు నుండి బెరడు వైపునకు కొంత ఉండును. వలయముల వెంబడి చుట్టును అందుకు సుమారు రెండింతలు ఉండును. గుండ్రని మొద్దును ఎండలో పడవేసినచో నడిమి నుండి అంచువరకు చీలిక పడుట మీరందరు చూచినదే. దానికి ఇదియే కారణము. పని తెలిసినవాడు మొద్దును నరికిన వెంటనే నడిమి గుజ్జు మీదుగా రెండుగా చీల్చును. గుజ్జు ఉన్న భాగమును చెక్కివేయును. అట్లు చీల్చిన చెక్కకు ముడుచుకొనుటకు చోటు దొరకును గనుక పగులు పడుట అరుదు.

చీల్చుట వేరు, కోయుట వేరు. రంపము నార పోకను చూడదు. గీత గీచినట్లు పోవును, నార ఎక్కడ వంకర తిరిగిన అక్కడ తెగును. గొడ్డలి పెట్టి సుత్తితో కొట్టి చీల్చినచో చెక్క నార వెంబడియే విడిపోవును. కాడ ఈ కొస నుండి ఆ కొసకు తెగని నారతో ఉండును. పూర్వులు చేసిన గరిటె కాడ వ్రేలంత సన్నముగా ఉండియు విరుగకుండుట ఇందువలననే.

పచ్చికర్ర మెత్తగా తెగును. బాడిశకు, వంపు ఉలికి, చిన్న కత్తికి లొంగును. కరెంటు యంత్రము అక్కరలేదు. పెద్ద కండబలము అక్కరలేదు. ఇంటిపట్టున ఉండు స్త్రీలు కూడ చేయదగిన పని. పచ్చిగా ఉండగానే వస్తువుకు ముతక రూపము దిద్ది, కావలసిన మందముకంటె కొంచెము ఎక్కువ ఉంచి, నీడలో ఆరనీయవలెను. చెక్కపొట్టులో పూడ్చి గాని కాగితమున చుట్టి గాని ఉంచినచో మెల్లగా ఆరును. తొందరపడి ఎండలో పెట్టినచో కొసలు ముందుగా ఆరి చీలును. ఆరిన తరువాత పదును పెట్టిన కత్తితో తుదిపని చేసి, తినదగిన నూనె రాచిన చాలును. ఒక హెచ్చరిక. ఏ కొమ్మ దొరికిన ఆ కొమ్మతో గరిటె చేయరాదు. గన్నేరు విషవృక్షము, దాని పుల్ల సైతము వంటకు తగులరాదు. ఏ కర్ర నోటికి మేలో, ఏది కీడో శిబిరమున మొదటి దినముననే నేర్పవలెను.

అన్ని చోట్ల పని ఒక్కటి కాదు. మన తెలుగు దేశముననే ఎన్ని విధములో చూడుడు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్ర వాడుదురు. అది మిక్కిలి తేలికయైనది. అక్కడి పనివారు కర్రను మెల్లగా వేడిచేసి తేమను పోగొట్టెదరు. బొమ్మ కాలు, చేయి, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, పిమ్మట రంగులు వేయుదురు. తేమ మిగిలియున్నచో అతుకు ఊడును, రంగు పొరలు లేచును. నిర్మల్ బొమ్మలకును పొణికి కర్రయే ఆధారము. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి త్రిప్పుచు, లక్కను అదిమి పట్టెదరు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొండకర్రతో గరిటెలు, చెంచాలు చెక్కుదురు. ఆ పనిలో స్త్రీల చేయి హెచ్చు. ఒకచోట తేమ సహాయము చేయును, ఒకచోట అదే శత్రువు. అయినను కర్రలోని తేమను ఎరుగనివాడు ఈ నాలుగు ఊళ్లలో ఎక్కడను పనికిరాడు.

కనుక శిబిరమునకు కోసిన చెక్కముక్కలను మూటకట్టి తెచ్చి పంచుట మాకు సమ్మతము కాదు. అట్టి శిబిరమును మేము ఒకచోట చూచితిమి. ఒక్కొక్కరికి నున్నని పలక ఇచ్చిరి. దానిపై ముందే అచ్చు గీచియుండెను. గీతలమీద ఉలి నడపి అందరు ఒకే పువ్వు చెక్కిరి. కడపటి దినమున ఫోటోలు తీసిరి. ఆ పలక ఏ చెట్టుదని అడుగగా నేర్చినవారిలో ఒక్కరును చెప్పలేకపోయిరి. వారిది తప్పు కాదు; వారికి చెట్టును చూపినవారు లేరు.

మొద్దును శిబిరమునకు తేవలెను. నేర్చువారు తామే చీల్చవలెను. మొదటి రెండు మూడు దినములు సాన పట్టుటకే పోయినను నష్టము లేదు. మొక్కపోయిన కత్తి జారి చేతిని కోయును, పదునైన కత్తి చెప్పినట్లు వినును. కత్తి పోవు దారిలో రెండవ చేయి ఉంచరాదని ప్రతి పూట చెప్పవలెను. ఒక గురువు వద్ద పదిమందిని మించి కూర్చుండబెట్టరాదు. పది వస్తువులు ఒక్కొక్కసారి చేయుటకంటె ఒక్క గరిటెను పదిసార్లు చేయించుట మేలు. చేసిన గరిటెను ఇంటికి పంపి, వారము దినములు వంటలో వాడించి, ఇల్లాలి అభిప్రాయము తెలిసికొని రమ్మనవలెను. ఆమెకంటె మించిన పరీక్షాధికారి ఉండబోదు.

మీలో కొందరు అడుగవచ్చును: స్టీలు గరిటె ఉండగా చెక్కగరిటె ఎవరు కొందురు? పూతపూసిన నాన్‌స్టిక్ పెనములపై ఇనుము గీరినచో పూత చెడును. కనుక పట్టణపు ఇండ్లకు చెక్కగరిటె మరల వచ్చినది. ఐనను ఈ పని నేర్చిన ప్రతివాడు దీనితోనే ఇల్లు నడపునని మేము చెప్పము. కొందరికి ఇది పూర్తి జీవనము కాగలదు. కొందరికి పొలముపని లేని నెలలలో ఆధారమగును. అంతకుమించి ఆశ పెట్టుట న్యాయము కాదు.

ఇక పంచాయతీ చేయవలసినది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదకొండవ షెడ్యూలులోని 29 విషయములలో సామాజిక వనములు, చిన్నతరహా పరిశ్రమలు, గ్రామ కుటీర పరిశ్రమలు, వృత్తివిద్య కలవు. కాబట్టి చెట్టు పెంచుట, పని నేర్పించుట పంచాయతీకి పరాయిపని కాదు.

2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 వృత్తులు చేర్చబడినవి. వడ్రంగులు, సంప్రదాయ బొమ్మలు చేయువారు వానిలో ఉన్నారు. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, పిమ్మట హామీ లేని ఋణము మొదటి విడత లక్ష, రెండవ విడత రెండు లక్షలు, 5 శాతము వడ్డీకి ఇచ్చునట్లు ఏర్పరచినారు. దరఖాస్తుపై మొదటి పరిశీలన ఎవరిదో గమనింపుడు. గ్రామములలో అది గ్రామ పంచాయతీది. ఎవని చేతికి కాయలు కాచియున్నవో, ఎవడు పనిముట్ల సంచి కొరకు మాత్రమే పేరు వ్రాయించుకొన్నాడో ఊరివారికి తెలియును. కంప్యూటరునకు తెలియదు. సర్పంచి చూడకయే ఒప్పుదల ఇచ్చినచో నిజమైన పనివాడు వెనుకబడును. నిర్లక్ష్యముగా ఇచ్చిన ఒప్పుదల ఒక కుటుంబపు అన్నముతో సమానమని ఎంచి పరిశీలింపుడు.

కర్ర విషయము ఇంతకంటె కష్టము. కొండపై పెరుగు చెట్టును అనుమతి లేక నరుకుట నేరము. నరుకకున్నచో పని సాగదు. ఈ రెంటి నడుమ పనివాడు నలిగిపోవుచున్నాడు. మధ్యవర్తి చెప్పిన ధరకు కొనుచున్నాడు. గ్రామములోని చెట్లకు సైతము 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వర్తించును. నరుకుటకు ముందు అధికారుల అనుమతి పొందవలెను. ఈ అనుమతికి ఒంటరి పనివాడు కార్యాలయములచుట్టు తిరుగుటకంటె పంచాయతీ తీర్మానము చేసి అందరి పక్షమున అడుగుట సులభము.

కొత్తగా నాటక ముందే మన కండ్లయెదుట వ్యర్థమగుచున్న కర్ర చాల కలదు. కరెంటు తీగలకు తగులు కొమ్మలను ఏటేట నరుకుచున్నారు. రోడ్డు వెడల్పు చేయునపుడు చెట్లు పోవుచున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమున అసంఖ్యాకముగా చెట్లను కూల్చినది. ఇట్లు పడిన కర్ర సామాన్యముగా వంటచెరకు క్రింద పోవును. చేయి లావు కొమ్మ ఒక్కటి దొరికిన గరిటెలు చెక్కువానికి కొన్ని దినముల పని. కనుక వేలము వేయుటకు ముందు చెక్కపనివారిని పిలిచి, వారికి కావలసినది మితమైన ధరకు ఇచ్చి, ఆ సొమ్ము పంచాయతీ నిధిలో జమకట్టవచ్చును. అయితే అది పచ్చిగా ఉండగానే జరుగవలెను. తీర్మానము ఒక నెల, సంతకము ఒక నెల ఆలస్యమైనచో మిగులునది పొయ్యిలోని కట్టెయే. ఆలస్యము తప్పనిచో మొద్దు కొసలకు మైనము గాని రంగు గాని దట్టముగా పూసి నీడన ఉంచవలెను. లేదా చెరువునీట ముంచి ఉంచవలెను.

పనిచేయుటకు చోటు గూర్చి మాట ఒక్కటి. ఊరిలో తాళము వేసియున్న గది గాని, పాత పాఠశాల వసారా గాని ఒకటి ఉండకపోదు. అక్కడ ఒక మొద్దుపీట, సానరాయి, నీళ్లకుండ పెట్టించి, నేర్చినవారు ఏడాది పొడుగునా కూర్చుండుటకు ఇండు. పెద్ద ఆచారిగారిని వారమునకు రెండు పూటలు అక్కడకు పిలిచి, ఆయన శ్రమకు తగిన ప్రతిఫలము ముట్టజెప్పుడు. శాలువా కప్పి పంపివేయుట ప్రతిఫలము కాదు. అట్టి పెద్దలు కొన్ని ఊళ్లలో ఒక్కరే మిగిలియున్నారు. వారి కన్ను, చేయి ఆడుచున్నంతవరకే ఈ అవకాశము.

నాటుటకు వచ్చుసరికి, అంకుడు చెట్టును మేము ముందుగా సూచింతుము. ఇది మెట్టభూమిలో పెరుగును. నేలకు కొంచెము పైన నరికినను మోడు నుండి మరల చిగుర్లు వేయును. కనుక ఒకసారి నాటిన తోపు పలుమారులు కర్ర ఇచ్చును. మోడు చిగుర్లలో గట్టివి రెండు మూడు ఉంచి తక్కినవి తీసివేయవలెను. కొన్నేండ్లు ఓపిక పట్టవలసియుండును; అందుచేత తోపు అంతయు ఒక్కమారు నరుకక, భాగములుగా విభజించి, ఏటికొక భాగము చొప్పున నరుకునట్లు మొదటనే పుస్తకమున వ్రాసికొనుడు. పాలకవర్గము మారినను పుస్తకము మారదు.

గింజలకు దూరము పోనక్కరలేదు. చలికాలమున అంకుడు కాయలు ముదురును. కొమ్మకు జంటలుగా వ్రేలాడు సన్నని పొడవైన కాయలే అవి. పగిలినచో గింజలు దూదిపింజెలతో గాలికి ఎగిరిపోవును. కనుక పగులకముందే కోయించి, పలుచని గుడ్డ కప్పి ఆరబెట్టి, పింజెలు తీసి, సంచులలో విత్తించుడు. పాఠశాల పిల్లలకు ఈ పని అప్పగించినచో సంతోషముగా చేయుదురు. తొలకరి నాటికి మొక్కలు సిద్ధముగా ఉండును. ఏ సర్వే నంబరులో నాటవలెనో మాత్రము సంక్రాంతిలోపుననే తీర్మానము చేసి ఉంచుడు.