గట్టు జరుపుటకు ముందు



నేడు అనేక గృహములలో అరచేతిలో ఇముడు చిన్న పెట్టె యొకటి కానవచ్చుచున్నది. దానిని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అందురు. పెండ్లినాటి ఛాయాచిత్రములు, పొలము కాగితముల ప్రతులు, గతించిన పెద్దల కంఠస్వరములు అందులో దాచుకొనుచున్నాము. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్క్ యంత్రమునందు రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అందు పట్టినవి సుమారు 50 లక్షల అక్షరములు. నేటి ఒక టెరాబైటు పెట్టెలో అంతకు రెండు లక్షల రెట్లు పట్టును. ఇంత సంపద ఒక్కచోట చేరినపుడు, ఫోటోలకొకటి, కార్యాలయపు పనికొకటి యని భాగములు చేసికొనవలెననిపించుట సహజము. లోనున్నది పోకుండ ఆ పని చేయుట యెట్లు?

డిస్క్‌ను ఒక పొలముగా భావింపుడు. పార్టిషన్లు అందలి మళ్లు. మళ్ల హద్దులు వ్రాసియుంచు చిట్టా డిస్క్ మొదటనే యుండును. ఎం.బి.ఆర్. అను పాత పద్ధతిలో ఈ చిట్టా 512 బైట్ల మొదటి సెక్టారులోనే యుండును. అందు నాలుగు ప్రధాన భాగములకే చోటు. తరువాత వచ్చిన జి.పి.టి. పద్ధతిలో చిట్టాకు నకలొకటి డిస్క్ చివర కూడ నుండును. మొదటిది చెడినను రెండవది అక్కరకు వచ్చును.

అయితే చిట్టాలో గీత మార్చినంత మాత్రమున పొలములోని పైరు జరుగదు. గట్టును ఇవతలకు జరిపి, అవతలి ఫైళ్లను విడిచిపెట్టినచో అవి దిక్కులేనివగును. కావున ముందు ఫైళ్లను ఇవతలకు చేర్చి, ఫైల్ సిస్టమ్‌ను కుదించి, పిదపనే హద్దు మార్పవలెను. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నందలి 'ష్రింక్ వాల్యూమ్' ఈ పనులను వరుసగా చేయును. కాని యది ఎన్.టి.ఎఫ్.ఎస్. భాగములను మాత్రమే కుదించును. ఫాట్32, ఎక్స్‌ఫాట్ భాగములను కుదింపదు. అట్టి డిస్క్ గలవారు లోనిదంతయు వేరొకచోట దాచి, కొత్తగా విభజించి, మరల నింపుకొనుట మేలు. ఒక్కొక్కప్పుడు ఖాళీ యెంతో యున్నను కొంతయే కుదించుటకు వీలగును. కదల్పరాని ఫైలొకటి నడుమ కూర్చుండుటయే అందుకు కారణము.

కుదింపగా మిగిలిన ఖాళీలో కొత్త భాగమును సృష్టించి ఫార్మాట్ చేయవలెను. ఫార్మాట్ చేయుచున్నది ఆ ఖాళీనే యని రెండుమార్లు సరిచూచుకొనుడు. పని ముగియువరకు తీగ ఊడరాదు, విద్యుత్తు ఆగరాదు. పొరపాటున ఒక భాగము తొలగిపోయినను వెంటనే నిరాశ వలదు. చిట్టాలోని గీత చెరిగినదే కాని పైరు అక్కడనే యుండును. ఆ డిస్క్‌పై మరేమియు వ్రాయక, టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనముతో పోయిన హద్దును వెదకవచ్చును. పైన కొత్తది వ్రాసినచో ఆ యవకాశము సన్నగిల్లును.

ఇవి యన్నియు ఒక యెత్తు. పనికి పూర్వమే మరియొక డిస్క్‌లో ప్రతి తీసికొనుట యొక యెత్తు. తీసిన ప్రతిలో కొన్ని ఫైళ్లను తెరచి చూడుడు. తెరవని ప్రతిని నమ్మరాదు. మరియొక డిస్క్ కొనుటకు కొంత వ్యయమగును, నిజమే. కాని గతించిన తాతగారి మాటను మరల రికార్డు చేయుట యెవ్వరికిని సాధ్యము కాదు.