మూడు గొంతులతో నిండు కచేరీ



1990లలో మన ఊళ్ల దుకాణాల్లో టీవీకి తగిలించుకునే ఆట పెట్టెలు చవకగా అమ్మేవారు. క్యాసెట్టు గుచ్చి, మారియో అనే మీసాలాయన చేత గోడలు దూకిస్తూ పిల్లలు సెలవులన్నీ గడిపేవారు. ఆ పెట్టెల్లో చాలావరకు జపాను నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్ యంత్రానికి నకళ్లు. ఆట సాగినంతసేపూ ఒక పాట మోగుతూ ఉండేది. పెద్దవాళ్లం "ఆ గోల ఆపరా" అని కసిరేవాళ్లం. ఆ గోలలో ఉన్న పనితనం గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

మొదట తెలుసుకోవలసింది, అది రికార్డు చేసిన పాట కాదు. టేపులో ఒకరు పాడింది దాచి ఉంచుతాం, మళ్లీ మళ్లీ అదే వింటాం. ఆట పెట్టెలో అంత చోటు లేదు. అందుకని అందులో పాటకు బదులు పాడవలసిన తీరు రాసి ఉంచేవారు: ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అని. దాన్ని చదువుకుంటూ వేలెడు చిప్పు ఒకటి అప్పటికప్పుడు పాడేది. ఫామికామ్ చిప్పుకు గొంతులు ఐదే. 1985లో కోజీ కొండో మారియోకు బాణీ కట్టింది ఆ ఐదింటిలో ఇమిడేటట్టే. మారియో దూకినప్పుడు వచ్చే చప్పుడు కూడా వాటిలోంచే రావాలి కాబట్టి, ఆ క్షణం పాటలో ఒక గొంతు తప్పుకుని దారి ఇస్తుంది. ఈసారి చెవి పెట్టి వినండి, తెలుస్తుంది.

ఈ విద్యలో పెద్దపీట మాత్రం ఇంకొక చిప్పుది. అమెరికాలో బాబ్ యానెస్ అనే ఇంజనీరు తయారు చేసిన సిడ్ 6581. 1982లో వచ్చిన కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటరులో దీన్ని అమర్చారు. దీనికి ఉన్నవి మూడు గొంతులు. కాని ఒక్కొక్క గొంతుకూ నాలుగు రకాల ధ్వనులు వచ్చు. ఒకటి పిల్లనగ్రోవిలా మెత్తన, ఒకటి రంపంలా కరకు, ఒకటి ముక్కుతో పాడినట్టు సన్నన, ఇంకొకటి వానజల్లులాంటి వట్టి రొద. స్వరం ఎంత వేగంగా లేవాలో, ఎలా తగ్గాలో, ఎంతసేపు నిలిచి ఆరిపోవాలో విడివిడిగా చెప్పవచ్చు.

మూడు గొంతులతో పాట ఎలా నిండుతుంది? ఇక్కడే ఉంది కిటుకు. హార్మోనియం మీద స, గ, ప మెట్లు మూడూ ఒక్కసారి నొక్కితే నిండుగా ఉంటుంది. చిప్పులో అలా చేస్తే ఉన్న మూడు గొంతులూ అక్కడికే సరి. ఇక బాణీ పాడేదెవరు, తాళం వేసేదెవరు? అందుకని ఒకే గొంతు చేత స, గ, ప లను ఒకదాని వెంట ఒకటి, సెకనులో 50వ వంతు చొప్పున పాడించారు. ఐరోపా టీవీ తెర సెకనుకు 50 సార్లు మారుతుంది, పాట నడిపే ప్రోగ్రాము కూడా దానితోపాటే మేలుకునేది. ఆ వేగంలో మన చెవి మూడింటినీ విడదీయలేక, మిలమిలలాడే ఒకే నాదంగా వింటుంది. చిప్పు సంగీతం అనగానే గుర్తుకొచ్చే ఆ గలగల పుట్టింది ఇలా, పేదరికంలోంచి. మృదంగం సంగతీ అంతే. కింది స్థాయి స్వరాలు పాడే గొంతే ఒక రెప్పపాటు రొదగా మారి దెబ్బ వేసి, మళ్లీ తన పనిలో పడుతుంది. పగటివేషగాడు తెర వెనక్కి పోకుండానే వేషం మార్చినట్టు. ఇంగ్లండుకు చెందిన రాబ్ హబ్బర్డ్ ఇందులో అందె వేసిన చెయ్యి. 1985లో మాంటీ ఆన్ ది రన్ అనే ఆటకు ఆయన చేసిన సంగీతం వింటే గొంతులు మూడేనంటే నమ్మబుద్ధి కాదు.

ఆ రోజుల్లో స్వరాలను అంకెలుగా మార్చి ప్రోగ్రాములో రాయవలసి వచ్చేది. ప్రోగ్రాము రాయడం రానివాడికి ప్రవేశం లేదు. ఆ తలుపు తీసింది ట్రాకర్. 1987లో జర్మనీకి చెందిన కార్స్టెన్ ఒబార్స్కీ అమీగా కంప్యూటరు కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే సాఫ్ట్‌వేరు చేశారు. అమీగాది వేరే పద్ధతి. అందులో చిన్న చిన్న ధ్వని తునకలను తెచ్చి పెట్టుకుని, వాటిని వేరువేరు స్వరాల్లో పలికించవచ్చు. గొంతులు నాలుగు.

ట్రాకర్ తెర మా స్కూలు హాజరు పట్టీలాగే ఉంటుంది. నాలుగు నిలువు గడులు, నాలుగు గొంతులకు. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది. ఒక పేజీకి 64 వరసలు. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు, దెబ్బకు ఎనిమిది వరసలు వేసుకుంటే ఒక ఆవర్తనం సరిగ్గా పడుతుంది. ఒక్కొక్క గడిలో స్వరం, వాయిద్యం సంఖ్య, వాటి పక్కన ఒక ఆజ్ఞ ఉంటాయి. తర్వాత స్థిరపడిన పద్ధతిలో 3 అంటే ముందు స్వరం నుంచి దీనికి జారమని, 4 అంటే స్వరాన్ని ఊపమని. 0 4 7 అని రాస్తే ఇందాక చెప్పిన గలగల: స, అక్కడి నుంచి నాలుగో మెట్టు అంతర గాంధారం, ఏడో మెట్టు పంచమం.

ఇది చూసినప్పుడు నాకు మన పెద్దల పుస్తకమే గుర్తుకొచ్చింది. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథాన్ని తెలుగులో అచ్చు వేయించారు. స్వరంతో తృప్తి పడక, జారు, కంపితం వంటి గమకాలకు కూడా ఆయన గుర్తులు పెట్టారు. ట్రాకర్ గడిలో ఆజ్ఞ చేసే పని ఆ కోవలోనిదే. అలాగని రెండూ ఒకటే అనను. ట్రాకర్ ఊపు గడియారం లోలకంలా సమంగా ఊగుతుంది. తోడి గాంధారం అలా ఊగదు. నాలుగో ఆజ్ఞ తగిలించి "తోడి చేశాను" అనే కుర్రవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. తోడి కావాలంటే ప్రతి వరసకూ జారు చేత్తో రాయాలి. రాసి చూసినవాడికి గమకం ఎంత లోతైనదో అప్పుడు తెలుస్తుంది.

ట్రాకర్ ఫైలుకు ఉన్న గొప్ప గుణం ఇంకొకటి ఉంది. దాన్ని తెరిస్తే పాటతోపాటు పాట చేసిన తీరంతా కనిపిస్తుంది. ప్రతి స్వరం, ప్రతి జారు, ప్రతి ధ్వని తునకా. విద్వాంసుడు తన సాధన గది తలుపులు బార్లా తెరిచి ఉంచినట్టు. ఐరోపాలో ఎందరో పిల్లలు గురువు లేకుండా, ఫ్లాపీల మీద చేతులు మారిన ఇలాంటి పాటలు విప్పి చూసి నేర్చుకున్నారు. సంగీతం మాస్టారు దొరకని చిన్న ఊళ్లలో ఉండే మనకు ఇది చిన్న విషయం కాదు.

దిగులు పడవలసింది చిప్పుల గురించి. కమొడోర్ కంపెనీ 1994లో దివాలా తీసింది. పాత సిడ్ చిప్పులు ఏటేటా చచ్చిపోతున్నాయి. స్వీడనులో ఎలెక్ట్రాన్ అనే సంస్థ 1999లో అసలు సిడ్ చిప్పు పెట్టి సిడ్‌స్టేషన్ అనే సింథసైజరు తెచ్చింది, కాని చిప్పులు దొరక్క అది ఆగిపోయింది. ఇప్పుడు పాత సరుకు పేరుతో నకిలీలు కూడా అమ్ముతున్నారు. 1996లో మొదలైన హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్‌లో 50,000కు పైగా పాటలు భద్రంగా ఉన్నాయి. ఉన్నవి పాడవలసిన తీరులే. 6581లో ధ్వనిని వడగట్టే భాగం ఏ రెండు చిప్పుల్లోనూ ఒకలా పనిచేయదు. కాబట్టి రచయిత తన యంత్రం మీద విన్నదీ, మనం కంప్యూటరు మీద విని ఇదేననుకున్నదీ వేరు కావచ్చు. రాత మిగిలింది, గొంతు పోతోంది. కీర్తన రాత ప్రతి దొరికి, పాఠాంతరం పాడేవారు లేని ఇబ్బంది మనకు కొత్తది కాదు కదా.

చేసి చూద్దామనుకునేవారికి మిల్కీట్రాకర్, ఓపెన్ ఎంపీటీ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. పాత కంప్యూటరు చాలు. సరళి వరసతో మొదలుపెట్టండి. మాయామాళవగౌళకు మెట్లు 0, 1, 4, 5, 7, 8, 11, 12. ఎనిమిది వరసలకు ఒక స్వరం రాస్తే మొదటి కాలం, నాలుగుకు ఒకటి రాస్తే రెండో కాలం. రెండో గొంతుకు తాళం ఇవ్వండి. తర్వాత స, రి, గ ల పక్కన 0 4 7 పెట్టి వినండి, మూడూ రాగంలోనే ఉంటాయి. మధ్యమం దగ్గర జాగ్రత్త. అక్కడ 0 4 7 పెడితే రాగంలో లేని చతుశ్రుతి ధైవతం పలుకుతుంది. 0 3 7 పెట్టండి, శుద్ధ ధైవతమూ పై షడ్జమమూ వస్తాయి. పంచమానికి ఏ అంకెలు పెట్టాలో మీరే వెతకండి.