హైస్కూలు మొదటి యేట నేర్వవలసిన శాస్త్రము



హైస్కూలు మొదటి సంవత్సరమున బాలబాలికలు విజ్ఞానశాస్త్రమున నేమి నేర్వవలెనో చెప్పుమని నాకు విషయ మిచ్చినారు. నేను శాస్త్రోపాధ్యాయుడను కాను. భాషాప్రవీణ చదివి, ముప్పది యేండ్లకు పైగా తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. అట్టివాడు ఈ విషయమున నోరు విప్పుట యేమని తమలో కొందఱు తలపవచ్చును. పల్లెటూరి బడులలో పనిచేసినవారికి సంగతి తెలియును. శాస్త్రోపాధ్యాయుడు సెలవు పెట్టిననాడు ఆ తరగతికి పోవువాడు పండితుడే. అట్లు పోయి నేను చేసిన పొరపాటుతోనే ప్రారంభించుచున్నాను.

నేను పనిచేసిన యొక పాఠశాలలో నొకనాడు ఆఱవ తరగతి నాకు వచ్చెను. పాఠము పదార్థములను వేఱుచేయుట. తేర్చుట యన నేమి, వడపోత యన నేమి యని పుస్తకములోని నిర్వచనములు నేను చదివితిని, పిల్లలు నాతో పలికిరి. గంట కొట్టులోపల తరగతి యంతటికిని కంఠస్థమయ్యెను. కంఠస్థము చేయించుట మా పండితులకు వెన్నతో పెట్టిన విద్య. ఆ దినము మిక్కిలి తృప్తితో నింటికి పోయితిని.

2024 సెప్టెంబరు మొదటి దినములలో మునేరు పొంగినది తమ రెఱుగుదురు. మా చెల్లెలి యిల్లు మునేటి యొడ్డు పల్లెలో నున్నది. వరద తీసిన పిమ్మట చూడబోతిని. బావినీరు కాఫీ రంగున నున్నది. ఆమె మనుమడు ఆఱవ తరగతి బాలుడు. వానిని పిలిచి, బురదనీటిని తేర్చుట యెట్లురా యని యడిగితిని. వాడు చేతులు కట్టుకొని నిర్వచన మొప్పజెప్పెను. ఒక్క యక్షరము తప్పలేదు. సరే, ఈ బిందెలోని నీటిని తేర్చి చూపుమంటిని. వాడు బిందెవంక చూచి, నావంక చూచి, "అది పుస్తకములో లేదు తాతయ్యా" యనెను.

మనుస్మృతి ఆఱవ యధ్యాయమున నొక మాట కలదు. కతకఫలము నీటిని తేర్చునదే యైనను దాని పేరు పలికినంతనే నీరు తేఱదని దాని తాత్పర్యము. కతకమన మన చిల్లగింజ. ఆ శ్లోకమును తరగతులలో నెన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు, గింజను మాత్రము చేతబట్టి నీటిలో వేసి చూచినవాడను గాను. మాది చిల్లకల్లు. ఊరి పేరులోనే చిల్ల యున్నది. ఆ చెట్టు మూలముననే యూరికి పేరు వచ్చెనని నేను సాధింపబోను గాని, ఆ పేరుగల యూరివానికి ఇంత యజ్ఞానము తగదని మాత్ర మా దినము సిగ్గుపడితిని.

జగ్గయ్యపేటలో మూలికలమ్ము దుకాణమున చిల్లగింజలు కొని మరల పోయితిని. బాలునిచేత మూడు గాజుగ్లాసులు పెట్టించి, ఒకే బిందెలోని బురదనీటిని మూడింటను సమముగా పోయించితిని. సానపై నీటిచుక్కలతో నఱగదీసిన చిల్లగింజ గంధము నొకదానిలో కలిపినాడు. ఒకదానిలో చిటికెడు పటికపొడి. మూడవదానిలో నేమియు వేయవలదంటిని. "ఏమియు వేయనిది యెందుకు తాతయ్యా, గ్లాసు దండుగ" యనెను. ఆ దండుగ గ్లాసే మొదటి యేటి పాఠమని నా యభిప్రాయము. ఊరక నిలిపినను బురద కొంత తనంతట తానే క్రిందికి దిగును. చిల్లగింజ చేసిన పని యెంత, కాలము చేసిన పని యెంత యని తెలియవలెనన్న ముట్టని గ్లాసొకటి ప్రక్కన నుండక తీఱదు.

నీరు తేఱినదని యెప్పుడనవలెను? ఒకనికి తేటయైనది మఱియొకనికి మసక. అందుచే పంచాంగపు పుటను గ్లాసు వెనుక నిలిపి, అక్షరములు చదువనైన వేళను గడియారము చూచి వ్రాయుమంటిని. పటిక గ్లాసు అఱగంటలో తేఱెను. చిల్లగింజ గ్లాసు సాయంకాలమునకు తేఱెను. ముట్టనిది మఱునాటి యుదయమున కూడ మసకగానే యున్నది. బురదలోని మిక్కిలి సన్నని రేగడి కణములపై ఒకే జాతి విద్యుదావేశ ముండుటచే అవి యొకదాని నొకటి త్రోసికొనుచు నీటిలో తేలుచుండును. పటిక ఆ త్రోపుడును తగ్గించును. చిల్లగింజలోని జిగురు కణములను ముడివేయును. ముడివడినవి బరువెక్కి దిగును. ఈ కారణమును ఆఱవ తరగతి బాలుడు పూర్తిగా గ్రహింపకున్నను నష్టము లేదు. మూడు గ్లాసులు పెట్టుట, సమముగా పోయుట, వేళ వ్రాయుట, తాను తలచినట్లు రాకున్నను దిద్దకుండ వ్రాయుట వానికి రావలెను. ఈ కడపటిది కష్టము. మావాడు చిల్లగింజయే గెలువవలెనని కోరి, మొదట దాని వేళను ముందుకు జరిపి వ్రాసినాడు. నేను చూచి కొట్టివేయించితిని.

దండుగ గ్లాసును గూర్చి యింత చెప్పుటకు కారణము కలదు. నా బాల్యమున నాతో బడికి వచ్చు నొక బాలుని మిరపతోటలో పాము కఱచెను. సాయంకాలము. మంత్రగాని యొద్దకు మంచముపై మోసికొనిపోయిరి. ఆ మంత్రగాడు మోసగాడు గాడు, పైకము పుచ్చుకొనువాడును గాడు. ఎందఱినో బ్రదికించితినని మనసార నమ్మినవాడు. అతడు చెప్పిన పేర్లు నిజమే, వారు బ్రదికినమాటయు నిజమే. అయితే మన పాములలో పెక్కింటికి విషము లేదు, విషము గలది కఱచినను ఒక్కొక్కమాఱు విషము దిగదు. అట్టివారు మంత్రము లేకున్నను బ్రదుకుదురు. మంత్రింపక విడిచినవారిలో నెందఱు బ్రదికిరో యూరిలో నెవ్వరును లెక్క పెట్టలేదు. తెల్లవాఱకముందే ఆ బాలుడు పోయెను. వాని పలక మఱునాడు కూడ బడిలో గోడకు చేరవేసి యున్నది. నేడు పాముకాటునకు విరుగుడు సూదిమందు ప్రభుత్వాసుపత్రులలో నిచ్చుచున్నారు. కట్లు కట్టక, కోతలు కోయక, వెంటనే యక్కడికి చేర్చవలెను. ఈ మాటను గోడలపై వ్రాసియున్నారు. అయినను "మా తాత మంత్రముతో బ్రదికినాడు" అనువాడు ప్రతి యూరను కలడు. వానికి బదులు చెప్పగల బుద్ధి పండ్రెండేండ్ల వయసున నాటవలెను, ముప్పదవ యేట నాటిన నాటుకొనదు. 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును, ప్రశ్నించు స్వభావమును పెంపొందించుకొనుట యొకటి. ఆ విధిని పిల్లలకు చెప్పుచోటు తరగతి గది యే కదా.

శాస్త్రమునకు సామగ్రి లేదందురు. నేనెఱిగిన యొక బడిలో గాజుసామాను గల బీరువా తాళము నేనున్న నాలుగేండ్లలో తెఱవగా చూడలేదు. పగులునని భయము. మన మెట్టప్రాంతమున నేలయే ప్రయోగశాల. జగ్గయ్యపేట చుట్టు భూమిలో సున్నపురాయి. ఆ రాతి పలకలపైననే జగ్గయ్యపేట బౌద్ధస్తూపపు శిల్పములు చెక్కిరి. జేమ్సు బర్జెస్సు వానిని వర్ణించి 1887లో గ్రంథము వెలువరించెను. నేటి సిమెంటు కర్మాగారములు నడచుట ఆ రాతితోడనే. ఆ రాతిపొడిపై నిమ్మరసము పిండుడు, చిఱుబుడగలు లేచును. బట్టీలో కాల్చిన రాయినుండి ఆ బుడగలలోని వాయువే వెడలిపోయి సున్నము మిగులును. సున్నపు తేటలో పుల్లగొట్టముతో నూదిన, మన యూపిరిలోని యదే వాయువు కలిసి నీరు పాలవలె తెల్లనగును. తెల్లనైన యా పొడి మరల సున్నపురాయియే. రాయి సున్నమై, సున్నము మన యూపిరితో రాయియైనది చూచిన బాలుడు దానిని జన్మలో మఱవడు. కాల్చిన సున్నమునకు నీరు పోయుట మాత్రము ఉపాధ్యాయుడే చేయవలెను, పిల్లలు దూరముగా నిలువవలెను. కన్నులలో పడిన చూపు పోవును. గొట్టముతో నూదవలెనే గాని పీల్చరాదు.

శంకువు సంగతియు నట్టిదే. నిటారుగా కఱ్ఱ పాతి నీడ కొలుచుట మన జ్యోతిషగ్రంథములలోని పాతవిద్య. మా యూరు ఉత్తర అక్షాంశము సుమారు 17 అంశలు గనుక మే 8 ప్రాంతమునను, ఆగస్టు 5 ప్రాంతమునను మధ్యాహ్నమున కఱ్ఱ నీడ మాయమగును. మే నెలలో బడికి సెలవులు, ఆగస్టున మబ్బులు. మబ్బు వీడిన యేడు అదృష్టము.

ఇంగ్లీషు మాటలా, తెలుగు మాటలా యని వాదింతురు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1877లో మన పెనుగంచిప్రోలులో పుట్టినవారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి జీవశాస్త్రము, రసాయనశాస్త్రము వంటివానిని తెలుగున నచ్చువేయించిరి. వారి యూరి ప్రక్కవారమై తెలుగున శాస్త్రము రాదనుట మనకు చెల్లదు. ఫిల్ట్రేషననినను వడపోత యనినను నాకు సమ్మతమే, గుడ్డ పట్టుకొని వడపోసిన పిమ్మట నే పేరైనను పెట్టుడు.

పెద్దలకొక మనవి. బడి తలిదండ్రుల సమావేశమునకు పోయినప్పుడు మార్కులతో పాటు పిల్లవాని ప్రయోగపు పుస్తకమును కూడ చూపుమని యడుగుడు. అందు కొట్టివేతలు, తప్పిన లెక్కలు ఉన్న సంతోషింపుడు. ఒక్క కొట్టివేతయు లేనిదానిని నేనైతే శంకింతును. ఇంటిలోని త్రాసు, కొలటేపు, జల్లెడ పిల్లలడిగిన ఇయ్యుడు. గ్లాసొకటి పగిలినను కసరకుడు.

మా మనుమనియొద్దకు మరల వత్తును. పటిక గ్లాసు అద్దమువలె తేఱగానే, త్రాగవచ్చునా తాతయ్యా యనెను. వలదంటిని. తేటయైన నీటిలోను రోగక్రిములుండును, కాచిన చచ్చును. కాచిన అన్నియు పోవునా యనెను. ఫ్లోరైడు పోదు, నీరు మఱిగి తగ్గినకొలది చిక్కబడును గూడ. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు వంగిన జనమును పరీక్షించి, కారణము త్రాగునీటి ఫ్లోరైడేయని వైద్యులు ప్రకటించిరి. మన పొరుగు నల్లగొండ బాధ లోకమెఱిగినది. లీటరున కొకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని కొలత. మన బావిలో నెంత యున్నదని యడిగెను. నాకు తెలియదంటిని. ముప్పది యేండ్ల యుపాధ్యాయత్వమున ఆ మాట పిల్లలతో నన్నది తక్కువ. నీటిని పరీక్షించు ప్రయోగశాల యున్నదని చెప్పగా, వాడు సీసాను మూడుమాఱులు బావినీటితోనే తొలిచి, నింపి, మూతపెట్టి, కాగితముపై బావి పేరును తేదీని వ్రాసి యతికించెను. వేళ వ్రాయుట మఱచి, మరల వచ్చి వ్రాసికొనిపోయెను.