నౌరు దీవి, మన తాండూరు బండలు

ఈరోజు మిమ్మల్ని పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవికి తీసుకెళ్తా. పేరు నౌరు. మొత్తం 21 చదరపు కిలోమీటర్లే. బండి మీద అరగంటలో చుట్టి రావచ్చు. నదులు లేవు. పాత రోజుల్లో కొబ్బరి, చేపలు, మొగలి జాతి పండ్లు, వాన నీళ్లు, వీటితోనే బతికారు.

తర్వాత అక్కడి నేలలో ఫాస్ఫేట్ ఉందని తెలిసింది. 1900ల మొదట్లో తవ్వకం మొదలైంది. ఆ ఫాస్ఫేట్ ఎరువై ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు పోయింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కొన్నాళ్లు డబ్బే డబ్బు. ఆ తర్వాత నిల్వలు అడుగంటాయి. దీవిలో సుమారు 80 శాతం నేల తవ్వేశారు. మిగిలింది మొనదేలిన సున్నపురాయి స్తంభాలు. ఇప్పుడు బియ్యం కూడా ఓడలోనే రావాలి. 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేస్తే, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. పైసలొచ్చాయి కానీ పోయిన మట్టి రాలేదు.

"ఇదంతా మాకెందుకన్నా?" అంటారేమో. మన కాళ్ల కింద ఉన్నది కూడా సున్నపురాయే కదా! పైన మట్టి, కింద పొరలు పొరలుగా నాపరాయి. ఆ పైమట్టిలోనే మన కంది పండుతది. 2022 డిసెంబర్‌లో తాండూరు కందిపప్పుకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆ రుచికి ఈ నేలే కారణం. బండ కావాలంటే ముందు ఆ మట్టినే తీసేయాలి.

పోయిన నెల మా నాలుగెకరాలు క్వారీకి లీజుకు అడిగారు. నేను నాయినకు నౌరు వీడియో చూపించిన. మొత్తం చూసి ఒక్కటే మాట అడిగిండు: "మంచిగనే ఉంది గానీ, అప్పు ఎవరు కడతరు రా?" నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం వదిలేసింది నేనే కదా.

క్వారీలో పనిచేసేవాళ్లు, పాలిషింగ్ యూనిట్ల మీద బతికేవాళ్లు మన వాళ్లే. అందుకే తవ్వకం వద్దని నేను అనను. లీజు ఇచ్చే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. పైమట్టి విడిగా కుప్ప పోయాలి. రాయి తీశాక గుంత పూడ్చి ఆ మట్టి మళ్లీ పరవాలి. అది ఎవరి ఖర్చో ముందే తేలాలి.

మేమైతే ఇంకా సంతకం పెట్టలేదు. ఈసారికి కందే వేస్తున్నం. మీ ఊళ్లో పాత క్వారీ గుంతలు ఎట్లున్నాయో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.