నిమ్మకాయా, బొగ్గా, పెరాక్సైడా? ఇంట్లో పళ్ళు తెల్లబరుచుకోవాలనుకునే వారికి

(మన ఆలయ సభామందిరంలో గత త్రైమాసికంలో జరిగిన ఆరోగ్య సదస్సులో, బ్రిటన్‌లో దంతవైద్యురాలిగా పనిచేస్తున్న మన సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)



అర్చన అయ్యాక, భోజనాలకు ముందు నాకు అరగంట ఇచ్చారు. అటు వంటగదిలోంచి పులిహోర వాసన వస్తుంటే ఇటు పళ్ళ గురించి వినమనడం కొంచెం కష్టమే. అందుకే సూటిగా విషయంలోకి వస్తాను.

వేసవి పెళ్ళిళ్ళు దగ్గరపడుతున్నాయంటే నాకు ముందుగా తెలిసేది ఈ గుడిలోనే. చెప్పులు విడిచే చోట ఎవరో ఒకరు నెమ్మదిగా పక్కకి పిలుస్తారు. "డాక్టరుగారూ, అమ్మాయి పెళ్ళి కుదిరింది. పళ్ళు కాస్త తెల్లగా రావాలంటే ఇంట్లో ఏం వాడొచ్చు?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి నిలబడి చెప్పే జవాబు సగంలోనే ఆగిపోతోంది. ఇవాళ పూర్తిగా చెబుతాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మా అక్కకి పెళ్ళిచూపులు అనుకున్నప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఎక్కడో చదివి, నిమ్మచెక్క మీద ఉప్పు వేసి పళ్ళకి రుద్దుకోమని అక్కకి నేనే చెప్పాను. నెల రోజులు రుద్దింది. మొదట్లో నిజంగానే మెరిశాయి. సంబంధం కుదిరింది, అందరం సంతోషించాం. ఆ మెరుపు చూసి అక్క ఆ అలవాటు మానలేదు. పండగ వచ్చినా, శుభకార్యం వచ్చినా నిమ్మచెక్క ఉండాల్సిందే. ఇవాళ అక్కకి అరవై ఏళ్ళు. చల్లటి మంచినీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. ముందుపళ్ళ అంచులు పల్చబడి గాజులా కనిపిస్తాయి. అన్నిటికన్నా విడ్డూరం, అవి ఇప్పుడు మునుపటికన్నా పచ్చగా ఉన్నాయి. నేను పళ్ళ డాక్టర్నయ్యాను గాని, అక్క పోగొట్టుకున్నది తిరిగి ఇవ్వలేకపోయాను.

ఇలా ఎందుకు జరిగిందో అర్థమైతే మిగతాదంతా సులువు. పంటికి పైన ఉండే గట్టి పొర ఎనామిల్. దాని కింద ఉండేది డెంటిన్. డెంటిన్ రంగే సహజంగా పసుపు. పైపొర మందంగా ఉన్నంతకాలం పన్ను తెల్లగా కనిపిస్తుంది, అది అరిగేకొద్దీ లోపలి పసుపు బయటపడుతుంది. మన శరీరంలో ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం గీరుకుంటే మానుతుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే మళ్ళీ పెరగదు, దాన్ని తయారుచేసే కణాలు పన్ను మొలిచేనాటికే వెళ్ళిపోతాయి. కాబట్టి ఏ పదార్థం గురించి విన్నా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల నష్టం జరిగితే అది నాలుగు రోజుల్లో తగ్గిపోయేదా, ఇక ఎప్పటికీ తిరిగి రానిదా? ఈ తూకంలో వేసి చూస్తే, మనం సహజమని నమ్మినవి కొన్ని ప్రమాదం వైపు, రసాయనమని భయపడినది భద్రత వైపు వస్తాయి.

నిమ్మకాయతోనే మొదలుపెడదాం. ఎనామిల్ కరగడం మొదలయ్యే పీహెచ్ సుమారు 5.5. నిమ్మరసం పీహెచ్ 2కీ 3కీ మధ్య ఉంటుంది. అంటే నిమ్మరసం మరకని తీయదు, మరక అంటుకున్న ఎనామిల్నే కరిగిస్తుంది. మొదట్లో కనిపించే మెరుపు అదే. పైగా ఆమ్లంతో మెత్తబడిన పంటిని ఉప్పుతో రుద్దితే నష్టం రెట్టింపు. యాపిల్ సైడర్ వెనిగర్ సంగతీ ఇంతే. పులిహోరలో నిమ్మకాయ పిండుకోండి, పప్పులో వేసుకోండి. పళ్ళకి మాత్రం రుద్దకండి.

రెండోది బొగ్గు. మన ఊళ్ళలో బొగ్గుపొడి, కచ్చిక, ఉప్పు వేలితో అద్దుకుని పళ్ళు తోముకున్నవాళ్ళు ఈ హాలులో చాలామందే ఉన్నారు. ఇప్పుడు అదే బొగ్గు నల్లటి ట్యూబులో, మంచి పేరుతో, ఎక్కువ ధరకి తిరిగి వచ్చింది. బొగ్గు పైపైన అంటుకున్న టీ మరకల్ని కొంత గీకుతుంది. పంటి అసలు రంగుని మార్చదు. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, బొగ్గు పేస్టులు, పొడుల భద్రతకి గాని ప్రయోజనానికి గాని చాలినంత ఆధారం లేదని తేల్చింది. ముతక పొడి అయితే ఎనామిల్‌ని అరగదీస్తుంది. కొన్ని బొగ్గు పేస్టుల్లో ఫ్లోరైడ్ కూడా ఉండదు, అంటే పుచ్చిపోకుండా కాపాడే రక్షణ కూడా పోతుంది. ఎర్రమట్టి కలిపిన పళ్ళపొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

వంటసోడా మీద నాకు అంత కోపం లేదు. అది మెత్తటి పదార్థం. టూత్‌పేస్టుల గరుకుదనాన్ని కొలిచే సూచీ ఒకటుంది. అందులో అనుమతించే గరిష్ఠ పరిమితి 250 అయితే, వంటసోడా ఒక్కటే అయితే 7 దగ్గర ఉంటుంది. పైమరకలు కొంత పోతాయి, అంతే. సోడా ఉన్న ఫ్లోరైడ్ పేస్టు వాడుకోండి. సోడాలో నిమ్మరసం పిండి నురగ తెప్పించే చిట్కా మాత్రం వద్దు.

పెద్దలు అడుగుతారు కాబట్టి మిగతావీ చెబుతాను. నువ్వులనూనె పుక్కిలించడం వల్ల పళ్ళు తెల్లబడతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. హాని కూడా పెద్దగా లేదు, బ్రష్ చేయడం మానేయనంతవరకు. వేపపుల్ల మెత్తగా నమిలి వాడితే పాచి పోతుంది, రంగు మారదు. పసుపుతో తెల్లబడతాయని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి. పసుపు తెల్ల పంచెని ఏం చేస్తుందో మనకి తెలియనిదా?

ఇప్పుడు అసలు పనిచేసేదాని దగ్గరికి వద్దాం. అది హైడ్రోజన్ పెరాక్సైడ్. అది ఎనామిల్ గుండా లోపలికి వెళ్ళి, డెంటిన్‌లో రంగుని పట్టి ఉంచే పెద్ద అణువుల్ని చిన్నవిగా విడగొడుతుంది. అందుకే రంగు తేలికవుతుంది. గీకడం లేదు, కరిగించడం లేదు. దీనికే దగ్గరి బంధువు కార్బమైడ్ పెరాక్సైడ్. నోట్లోకి వెళ్ళాక అందులోంచి దాదాపు మూడోవంతు హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలవుతుంది. అంటే డబ్బా మీద కార్బమైడ్ 10 శాతం అని ఉంటే, అసలు పెరాక్సైడ్ సుమారు 3.6 శాతం. 16 శాతం అని ఉంటే సుమారు 5.8. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ట్రేలో 10 శాతం కార్బమైడ్ జెల్ వేసి రాత్రిపూట పెట్టుకునే పద్ధతిని హేవుడ్, హేమన్ అనే ఇద్దరు అమెరికన్ దంతవైద్యులు 1989లో ప్రచురించారు. అప్పటినుంచి దీనిమీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. సాధారణంగా వచ్చే ఇబ్బందులు రెండు: పళ్ళు జివ్వుమనడం, చిగుళ్ళు మండడం. రెండూ మందు ఆపితే చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అయితే ఇది డాక్టరు చెప్పిన మోతాదులో వాడినప్పటి మాట. తొందరపడి రెండింతలు పెడితే, నెలల తరబడి ఆపకుండా వాడితే ఈ భరోసా వర్తించదు.

ఇక చట్టం. 2012 అక్టోబరు 31 నుంచి ఈ దేశంలో నియమం ఇది. 0.1 శాతం దాకా పెరాక్సైడ్ ఉన్నవి షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు. అంత తక్కువతో పెద్ద మార్పు ఆశించకండి. 0.1 దాటి 6 శాతం దాకా ఉన్నవి డెంటిస్టుకి మాత్రమే అమ్మాలి. ప్రతి విడతలో మొదటిసారి డెంటిస్టు చేతిమీదుగా గాని, వారి పర్యవేక్షణలో గాని జరగాలి. ఆ తర్వాత ఇంటికి ఇస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఇవ్వకూడదు. అందుకే బ్యూటీ పార్లర్‌లో పళ్ళు తెల్లబరచడం ఇక్కడ చట్టవిరుద్ధం, వాళ్ళు గోడకి ఎంత అందమైన సర్టిఫికెట్ తగిలించుకున్నా సరే. చేసేవారి పేరు జనరల్ డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉందో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

"మరి అమెరికాలో మందుల షాపులోనే స్ట్రిప్స్ అమ్ముతారుగా, మా బావగారు సూట్‌కేసులో తెచ్చారు" అంటారు. నిజమే, అక్కడ నియమాలు వేరు. 10 శాతం పెరాక్సైడ్ ఉన్న స్ట్రిప్స్ కూడా అక్కడ మామూలుగా దొరుకుతాయి. పళ్ళు ఆరోగ్యంగా ఉన్నవారు సూచనల ప్రకారం వాడితే చాలావరకు జివ్వుమనడంతో సరిపోతుంది. కాని మీ పంట్లో పుచ్చు ఉందో, పాత ఫిల్లింగు లీకవుతోందో ఆ స్ట్రిప్‌కి తెలియదు, బావగారికీ తెలియదు. పెరాక్సైడ్ ఆ కన్నం గుండా నరం దగ్గరికి వెళ్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. గాయాలు కడుక్కునే పెరాక్సైడ్ సీసా నోట్లో పోసుకోవడం ఇంకా తప్పు. అది పంటి మీద నిలవదు, చిగుళ్ళ మీదకీ గొంతులోకీ పోతుంది.

పెరాక్సైడ్ లేదని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లలో పీఏపీ అనే పదార్థం ఈమధ్య ఎక్కువగా వస్తోంది. ఆలోచన మంచిదే గాని, పెరాక్సైడ్‌కి ఉన్నంత అనుభవం దీనికి లేదు. ఆమ్లం ఎక్కువగా ఉన్న కొన్ని మిశ్రమాలు ప్రయోగశాల పరీక్షల్లో ఎనామిల్ ఉపరితలాన్ని దెబ్బతీశాయి. క్లోరిన్ డయాక్సైడ్ ఉందంటే అసలు ముట్టుకోకండి. అది వాడే మిశ్రమాలు కూడా ఆమ్లంగా ఉంటాయి, పంటి నునుపు పోగొడతాయి. సోడియం పెర్బోరేట్ ఇక్కడి సౌందర్య సాధనాల్లో నిషేధం. కిట్‌తో ఇచ్చే నీలం లైటు ముచ్చటగా ఉంటుంది, అంతకుమించి దాని వల్ల ఒరిగేది పెద్దగా లేదు. పదార్థాల పేర్లే రాయని డబ్బాని ధర ఎంత తక్కువైనా కొనకండి.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. నల్లగొండ వైపు నుంచి, ప్రకాశం జిల్లా వైపు నుంచి వచ్చినవారిలో కొందరి పళ్ళ మీద గోధుమరంగు చారలు, సున్నపు మచ్చలు ఉంటాయి. అవి బ్రష్ చేయకపోవడం వల్ల వచ్చినవి కావు. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల, పన్ను చిగురు లోపల తయారవుతుండగానే పడ్డవి. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. ఇలాంటి మచ్చలకి పెరాక్సైడ్ ఒక్కటే చాలదు, మొదట్లో తెల్లమచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడొచ్చు కూడా. వాటికి వేరే చికిత్సలున్నాయి, డాక్టరుని అడగండి. దయచేసి అలాంటి అమ్మాయిని చూసి "పళ్ళు తోముకోదా?" అనకండి. ఆ మాట పడి, ఫోటోల్లో నోరు మూసుకుని నవ్వే ఆడపిల్లల్ని నేను కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. వాళ్ళే రహస్యంగా ఘాటైన కిట్లు తెప్పించుకుని చిగుళ్ళు కాల్చుకునేది.

ఇంకొన్ని జాగ్రత్తలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పని తర్వాతకి వాయిదా వేసుకోవడం మంచిది. క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు. పక్క పన్ను తెల్లబడి క్యాపు పచ్చగా మిగిలితే మళ్ళీ ఖర్చు. ఒక్క పన్నే నల్లబడితే లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, దానికి తెలుపు కాదు, ఎక్స్‌రే కావాలి. వచ్చిన తెలుపు కూడా శాశ్వతం కాదు. కాఫీ, టీ, కిళ్ళీ, సిగరెట్లతో మెల్లగా తగ్గుతుంది.

మరి పెళ్ళి ఉంది, ఏం చేయాలి? కనీసం మూడు నెలల ముందు డెంటిస్టు దగ్గరికి వెళ్ళండి. పుచ్చుంటే బాగుచేయించుకుని, గార తీయించుకోండి. చాలామందికి ఆ క్లీనింగ్‌తోనే సగం తృప్తి కలుగుతుంది. అప్పటికీ కావాలంటే కొలత తీసి ట్రేలు చేయిస్తారు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. జివ్వుమంటే ఒకటి రెండు రోజులు ఆపి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. ఎన్‌హెచ్ఎస్‌లో ఇది రాదు, సొంత ఖర్చే. ఆ డబ్బు లేకపోతే చేయించుకోకండి. రోజుకి రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టు, టీ తాగాక ఒక గుక్క నీళ్ళు. లేత పసుపు పళ్ళతో జరిగిన పెళ్ళిళ్ళు ఏవీ ఆగిపోలేదు.

ఈ ప్రసంగం ఒప్పుకోవడానికి అసలు కారణం చెప్పి ముగిస్తాను. మా అక్క మనవరాలికి పద్నాలుగేళ్ళు. ఫోన్లో ఏదో చూసి బొగ్గుపొడి కొనిపెట్టమని అమ్మమ్మని అడిగిందట. అక్క వెంటనే నాకు ఫోన్ చేసి, "దానికి ఈసారైనా సరిగ్గా చెప్పవే" అంది. ఆ పిల్లకి నేను చెప్పింది ఇదే. నీకున్న ఎనామిల్ నీకు ఒక్కసారే ఇచ్చారు, దాన్ని రుద్ది పారేయకు. పద్దెనిమిది దాటాక కూడా తెల్లగా కావాలనిపిస్తే నా దగ్గరికి రా, చూద్దాం.

మీ ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు కూడా నిమ్మకాయ చేతికివ్వకండి. ఈ మాట చెప్పండి.

ఇక భోజనాలకి వెళ్దాం. తిన్నాక నోరు పుక్కిలించడం మర్చిపోకండి. నమస్కారం.