బోర్డు లేని కంపెనీకి నోటీసు ఎక్కడ ఇవ్వాలి?

(మహిళా కార్యకర్తల చట్ట అవగాహన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీల చట్టం అనగానే అది షేర్లున్నవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. వరకట్నం, గృహహింస, కనీస వేతనాలు - మన సంచుల్లో తిరిగే చట్టాలివి. అయితే అసంఘటిత రంగంలో స్త్రీల పని పరిస్థితులను పరిశీలిస్తున్నప్పుడు నాకు పదే పదే ఎదురైన వస్తువొకటుంది. తిరిగొచ్చిన కవరు. మూతబడిన కుట్టు కేంద్రం నుంచి రావలసిన మూడు నెలల జీతం కోసం ఒకామె లాయరు చేత నోటీసు ఇప్పించింది. ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసి పోస్టుమాన్ వెనక్కి పంపేశాడు. ఆమె అంతటితో ఆశ వదులుకుంది. నోటీసు వెళ్ళింది తను బట్టలు కుట్టిన షెడ్డుకి. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు వేరేచోట ఉందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఏమిటీ రిజిస్టర్డ్ ఆఫీసు? కంపెనీ ఏర్పడిన 30 రోజుల్లోగా, తన పేరిట వచ్చే ఉత్తరాలనూ నోటీసులనూ తీసుకుని, అందాయని చెప్పగలిగే చోటు ఒకటి ఉండాలంటుంది 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్. అక్కడ మిషన్లు తిరగనక్కర్లేదు, యజమాని కూర్చోనక్కర్లేదు. కానీ ఆ చిరునామా నిజమైనదై ఉండాలి. మారితే 30 రోజుల్లో రిజిస్ట్రారుకు తెలియజేయాలి. వ్యాపారం జరిగే ప్రతి చోటా బయటికి కనబడేలా కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రాసిన బోర్డు ఉండాలి, అదీ ఆ ప్రాంతంలో వాడే భాష లిపిలో కూడా. మన పారిశ్రామిక వాడల్లో ఒకసారి తలెత్తి చూస్తూ నడవండి, ఎన్ని తెలుగు బోర్డులు కనబడతాయో!

ఇవేవీ పాటించకపోతే కంపెనీకీ, బాధ్యులైన అధికారులకూ రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. ఎన్ని రోజులైనా లక్ష దాటదు. యాభై మంది జీతాలు ఎగ్గొట్టి తాళం వేసుకుపోయిన వాడికి లక్ష ఒక లెక్కా?

ప్రభుత్వం కూడా చిరునామాల వెంట పడింది, కాదనను. 2017లో వార్షిక పత్రాలు దాఖలు చేయని 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేశారు. 2019లో పాత కంపెనీలన్నీ తమ ఆఫీసు భవనం ఫోటో, లోపల డైరెక్టరు ఉన్న ఫోటో పంపాలన్నారు. 2022 నిబంధనల ప్రకారం రిజిస్ట్రారు స్వయంగా ఆ చోటికి వెళ్ళి, ఇద్దరు స్థానిక సాక్షుల ఎదుట తనిఖీ చేయవచ్చు. ఈ శ్రద్ధంతా దొంగ కంపెనీల మీద, నల్లధనం మీద. రావలసిన జీతం గురించి కాదు. పైగా తనిఖీలో చిరునామా అబద్ధమని తేలితే, కంపెనీ పేరునే రిజిస్టరు నుంచి కొట్టేసే ప్రక్రియ మొదలవుతుంది. బాకీపడ్డ వాడికి ఇది శిక్షా, సెలవా?

ఇక్కడ మనం తెలుసుకోవలసిన రెండు విషయాలున్నాయి. పేరు కొట్టేసినా డైరెక్టర్ల బాధ్యత పోదని 248వ సెక్షన్ చెబుతోంది. ఇక 252వ సెక్షన్ కింద, బాకీ రావలసిన వాళ్ళే కాదు, కార్మికులు కూడా కంపెనీ పేరును తిరిగి రిజిస్టరులో చేర్చమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. గెజిట్‌లో ప్రకటించిన నాటి నుంచి 20 ఏళ్ళ వరకూ గడువుంది. ఈ మాట నేను చెప్పినప్పుడు యూనియన్ నాయకులే ఆశ్చర్యపోయారు.

కాబట్టి నోటీసుకు ముందు జీతం చీటీ మీదో, గుర్తింపు కార్డు మీదో ఉన్న కంపెనీ పూర్తి పేరు పట్టుకుని, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ రికార్డులో రిజిస్టర్డ్ చిరునామా చూడండి. దానికీ, పనిచేసిన చోటికీ, రెండింటికీ స్పీడ్ పోస్టులో పంపండి. రికార్డులో ఉన్న చిరునామాకే పంపినప్పుడు మాకు అందలేదని తప్పించుకోవడం కంపెనీకి తేలిక కాదు. అక్కడి నుంచీ కవరు తిరిగొస్తే చింపకండి. చిరునామా అబద్ధమని రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేసేటప్పుడు అదే మీ సాక్ష్యం.

ఇక ఈ కథకు ఇంకో వైపు ఉంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. చిన్న కంపెనీల రిజిస్టర్డ్ ఆఫీసు చాలాసార్లు ఎవరో ఒకరి ఇల్లే. చిరునామాకు రుజువుగా ఇంటి పత్రమో అద్దె ఒప్పందమో, రెండు నెలలు దాటని కరెంటు బిల్లు లాంటిదీ, ఇంటి యజమాని సమ్మతిపత్రమూ ఇవ్వాలి. ఇల్లు భార్య పేరున ఉంటే ఆ సంతకం ఆమెదే. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి కనుక రెండో పేరూ ఆమెదే! ‘ఇక్కడ పెట్టు’ అంటే పెట్టడమే తప్ప, దేనికని అడిగే అలవాటు మన ఇళ్ళలో ఎవరు నేర్పారు? వ్యాపారం మునిగి ఆయన ఊరు వదిలితే, సమన్లు వచ్చేది ఆ ఇంటి గుమ్మంలోకి, ఆమె పేరు మీద. లోపలా బయటా ఇద్దరూ స్త్రీలే - ఒకరు జీతం అడుగుతూ, ఒకరు తనకు తెలియని అప్పుకు జవాబు చెబుతూ.

అలాంటి స్త్రీ మన కేంద్రానికి వస్తే ముందు చూడవలసింది ఆమె ఇంకా డైరెక్టరుగా ఉందా లేదా అన్నది. ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వవచ్చు, ప్రతిని రిజిస్ట్రారుకు తనే నేరుగా పంపవచ్చు. అయితే పదవిలో ఉన్న కాలంలో జరిగిన తప్పులకు రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని ఆమెకు అదే రోజు చెప్పండి.